కలిసిన చుక్కలు: అల్ జజరీ కాలం నుంచి అంబాసిడర్ ఇంజను దాకా



మన సావనీరులో ప్రతి ఏటా పెద్దలు విద్య గురించీ, పెళ్లి ఖర్చుల గురించీ, వక్ఫు ఆస్తుల గురించీ రాస్తూనే వున్నారు. ఈసారి నేను మోటారు షెడ్డు గురించి రాస్తానంటే కమిటీ మిత్రులు కొందరు నవ్వారు. "షెడ్డుకు చరిత్రేముందండీ, గ్రీజు మరకలు తప్ప?" అన్నారు. వారి మీద నాకు కోపం లేదు. షెడ్డులో పెరిగిన నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ ఆ గ్రీజు కింద ఎనిమిది వందల ఏళ్లకు పైబడిన చరిత్ర వున్నదనీ, దానిలో మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటున్నదనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వేళ తప్పని పని

ముందుగా ఇంజను సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. పెట్రోలు కారు ఇంజనులో పిస్టను నాలుగు పనులు చేస్తుంది. గాలినీ పెట్రోలునూ లోపలికి పీల్చుకోవడం మొదటిది. దానిని నొక్కడం రెండవది. నిప్పురవ్వ పడి అది మండినప్పుడు కిందికి తోయబడడం మూడవది. కాలిన పొగను బయటికి నెట్టడం నాలుగవది. ఈ నాలుగూ పూర్తయ్యేసరికి కింద క్రాంకు రెండు చుట్లు తిరుగుతుంది. పీల్చే వాల్వు ఒకసారి, పొగ వదిలే వాల్వు ఒకసారి తెరుచుకుంటాయి.

ఈ వాల్వులను తెరిచేది క్యాం షాఫ్టు. అదొక ఇనుప కడ్డీ. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులుంటాయి. కడ్డీ తిరిగినప్పుడు ఒక్కొక్క ఉబ్బు తన వంతు రాగానే వాల్వును నెడుతుంది, వంతు కాగానే వదిలేస్తుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఇది ఒక్క చుట్టు తిరగాలి. అందుకే క్రాంకు మీద చిన్న పళ్ల చక్రం, క్యాం షాఫ్టు మీద సరిగ్గా దానికి రెట్టింపు పళ్లున్న పెద్ద చక్రం పెట్టి, రెంటినీ ఒక గొలుసుతో కలుపుతారు. దీనినే టైమింగ్ చెయిను అంటాము.

ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. అంటే క్రాంకు సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది, ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఒక్కసారి కూడా వేళ తప్పకూడదు. పెద్ద చక్రానికి 40 పళ్లున్నాయనుకుంటే, బిగించేటప్పుడు ఒక్క పన్ను అటో ఇటో అయితే క్యాం షాఫ్టు 9 డిగ్రీలు తప్పుతుంది. క్రాంకు లెక్కలో అది 18 డిగ్రీలు. ఇంజను స్టార్టు కావడమే కష్టం. అయినా లాగదు, వేడెక్కుతుంది, దగ్గుతుంది. వేలాది రూపాయలు పోసి బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు వేసినా ఒక్క పన్ను తేడాతో అంతా వృథా.

ఉబ్బు వెనుక ఉస్తాదులు

తిరిగే కడ్డీకి ఉబ్బులు పెట్టి, వాటి చేత వేళకు పని చేయించుకోవడమనే ఆలోచన ఎక్కడిది? ఇక్కడ మన వాళ్లు కొందరు ఆవేశపడి "అంతా మనమే కనిపెట్టాం" అంటారు. అది నిజం కాదు. నిజం కానిది చెప్పుకోవడం మనకు గౌరవమూ కాదు. చీనాలో హాన్ రాజుల కాలంలోనే నీటి చక్రం ఇరుసుకు మేకులు పెట్టి రోకళ్లను ఎత్తించారు. అలెగ్జాండ్రియాలోని హీరో అనే గ్రీకు పండితుడు కూడా ఇటువంటి మేకులను వాడాడు. మన పూర్వులు చేసినది వేరు. ఆ విద్యను అందుకున్నారు, పెంచారు. అన్నింటికంటే ముఖ్యంగా రాసి వుంచారు.

9వ శతాబ్దంలో బాగ్దాదులో ముహమ్మద్, అహ్మద్, హసన్ అనే ముగ్గురు అన్నదమ్ములుండేవారు. చరిత్రలో వారిని బనూ మూసా, అంటే మూసా కుమారులు అంటారు. వారు రాసిన "కితాబుల్ హియల్"లో సుమారు 100 యంత్రాల వర్ణన వున్నది. నీటిని వేళకు వదిలి వేళకు ఆపే వాల్వులు వాటిలో ఎన్నో కనిపిస్తాయి.

తరువాతివాడు అల్ జజరీ. నేడు టర్కీలో వున్న దియార్‌బకిర్ ప్రాంతాన్ని ఆనాడు అర్తుఖీ వంశపు రాజులు ఏలేవారు. వారి కొలువులో ఆయన యంత్రాలు చేసే పనివాడు. 1206లో ఆయన ఒక గ్రంథం పూర్తి చేశాడు. అందులో 50 యంత్రాలున్నాయి. ఒక పెద్ద నీటి గడియారంలో వాద్యగాళ్ల బొమ్మలుంటాయి. నీటి చక్రం తిరిగితే ఇరుసు మీది మేకులు వంతులవారీగా తగిలి ఆ బొమ్మల చేతులు లేచి పడతాయి, డప్పు మోగుతుంది. ఇంకొకటి నీరు తోడే యంత్రం. దానికి రెండు రాగి గొట్టాలు, రెండు పిస్టన్లు. ఒకటి నీటిని పీల్చుతుంటే రెండవది నెడుతూ వుంటుంది. వెనక్కి పోనీయని వాల్వులు కూడా వున్నాయి. మరొక నీటి యంత్రంలో క్రాంకునూ వాడాడు.

ఆయన తనకు ముందు పనిచేసినవారిని తలచుకున్నాడు. తాను స్వయంగా చేసి చూసినదే రాశాడు. బొమ్మలు గీసి భాగాలకు అక్షరాలు గుర్తుగా పెట్టాడు, ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలో, ఎలా చేయాలో చెప్పాడు.

అయితే ఈ పుస్తకం ఎందుకు పుట్టిందో గమనించండి. అల్ జజరీ పాతిక సంవత్సరాలు ఆ రాజవంశానికి పనిచేశాడు. చివరకు సుల్తాను నాసిరుద్దీన్ మహమూద్ ఆయనను పిలిచి, ఇంత కష్టపడి చేసినవి నీతోనే పోకూడదు, పుస్తకంగా రాయి అని పురమాయించాడు. ఆ ఒక్క ఆజ్ఞ లేకపోతే ఆ ఉస్తాదు పేరు ఈనాడు మనకు తెలిసేది కాదేమో. ఆ గ్రంథాన్ని డోనాల్డ్ హిల్ అనే ఆంగ్ల ఇంజనీరు 1974లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. దానితో ప్రపంచానికి అల్ జజరీ ఘనత బాగా తెలిసివచ్చింది.

మూడవవాడు తఖీయుద్దీన్. డమాస్కసులో పుట్టి, 1577లో ఇస్తాంబుల్‌లో ఖగోళ పరిశోధనాలయం నడిపినవాడు. ఈయన 1551లో రాసిన పుస్తకంలో ఆరు సిలిండర్ల నీటి పంపు వున్నది. మోటారు పని తెలిసినవాడెవడైనా దాని వర్ణన వింటే ఉలిక్కిపడతాడు. ఆరు సిలిండర్లూ ఒకే దిమ్మలో వరుసగా వుంటాయి. పక్కన నీటి చక్రంతో తిరిగే ఇరుసు, దాని మీద ఉబ్బులు. ఒక్కొక్క ఉబ్బు తన వంతులో ఒక మీటను నొక్కితే మీట రెండవ కొస పిస్టనును ఎత్తుతుంది, కింద నుంచి నీరు లోపలికి వస్తుంది. ఉబ్బు దాటగానే పిస్టను మీది సీసపు బరువు దానిని కిందికి తోస్తుంది, నీరు గొట్టంలోకి ఎక్కుతుంది. ఆరూ ఒకేసారి లేవకుండా, ఒకదాని తర్వాత ఒకటి లేచేటట్లు ఉబ్బులను చుట్టూ పంచి పెట్టాడు. వంతు తప్పితే పని చెడుతుంది. షెడ్డులో మనం టైమింగు అనేది ఇదే గదా!

అక్కడి నుంచి మోటారు కారుకు తిన్నగా దారి వుందని నేననను. తఖీయుద్దీన్ పుస్తకం చూసి ఐరోపావారు కారు చేశారన్న రుజువేదీ లేదు. 1876లో జర్మనీలో నికొలస్ ఆటో నాలుగు అంచెల ఇంజనును నడిపించాడు. మొదటి మోటారు ఇంజన్లలో పొగ వాల్వుకే ఉబ్బు వుండేది. పీల్చే వాల్వు పిస్టను లాగే గాలికి తనంతట తానే తెరుచుకునేది. 1901 నాటి మెర్సిడెస్ కారులో రెండు రకాల వాల్వులకూ ఉబ్బులు పెట్టారు. గొలుసు సంగతి చూస్తే, స్విట్జర్లాండులో పుట్టి మాంచెస్టరులో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో రోలరు గొలుసు కనిపెట్టాడు. మన కార్లలోని టైమింగ్ చెయిను ఆ జాతిదే. ఇట్లా ఎన్నో దేశాల చేతులు కలిస్తేనే ఒక ఇంజను అయింది. విద్యకు కులమతాలు లేవనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

మన గడ్డ మీద

మన ప్రాంతానికి వద్దాం. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే వారు రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభించారు. 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు మూలం అదే. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో జరిగేది. అందుకోసం అంతకు ముందే 1917లో అనువాద కార్యాలయం పెట్టి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. 1929లో ఇంజనీరింగు కాలేజీ కూడా వచ్చింది. 1948 తర్వాత ఆ ఉర్దూ బోధన ఆగిపోయింది.

ఆ గ్రంథాల్లోది ఒక్క కాగితమైనా మా షెడ్డు దాకా రాలేదు. షెడ్డు భాష వేరే. మరమ్మతు అరబ్బీ మాట, ఉస్తాద్, పేచు ఫారసీ మాటలు, మిస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చింది, క్రాంకు ఇంగ్లీషు. అన్నింటినీ తెలుగు కలిపి కుట్టింది. అక్కడ విద్య నోటి నుంచి చెవికి, చేతి నుంచి చేతికి నడిచింది. కాగితం మీదికి ఎక్కలేదు.

1957 నుంచి కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో అంబాసిడర్ కార్లు తయారయ్యాయి. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దానికి మాతృక. 1959లో దానికి 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను వచ్చింది. టాక్సీ అయినా, కలెక్టరు కారయినా, పెళ్లికొడుకు కారయినా చాలా ఏళ్లు అదే. ఏ పల్లెలో ఆగిపోయినా ఒక పానా పట్టిన కుర్రాడు దాన్ని బాగుచేసేవాడు. అటువంటి కుర్రాళ్లలో మనవాళ్లు ఎందరో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

చుక్కలు చెప్పేది సగమే

మా మామూకు గుంటూరు దాపుల ఒక రేకుల షెడ్డు వుండేది. సెలవుల్లో నేను అక్కడే పనిచేసేవాడిని. ఒక ఎండాకాలం ఒక టాక్సీ ఓనరు తన అంబాసిడర్‌ను ఇంజను పనికి తెచ్చాడు. "సాయిబుగారూ, శుక్రవారం పెళ్లి బేరం వుంది, ఎట్లాగైనా ఇవ్వాలి" అని బతిమాలాడు. మామూకు జ్వరం వచ్చింది. నేను కాలేజీ చదువు చదువుతున్నాను గనుక, టైమింగు నేనే పెడతానని ధీమాగా అన్నాను.

పని ఎలా చేయాలో చూసి నేర్చుకున్నదే. రెండు పళ్ల చక్రాల మీదా ఒక్కొక్క చుక్క గుంట వుంటుంది. చక్రాలను గొలుసులో వేసి, రెండు చుక్కలూ ఎదురెదురుగా, రెండు షాఫ్టుల మధ్యగుండా పోయే గీత మీద వుండేటట్లు పట్టుకుని, రెంటినీ ఒకేసారి షాఫ్టుల మీదికి నెట్టాలి. ఉక్కు స్కేలు ఆనించి రెండు చక్రాల ముఖాలూ ఒకే మట్టంలో వున్నాయా అని చూడాలి, లేకపోతే చిన్న చక్రం వెనక షిమ్ములు వేయాలి. నట్టు బిగించి, లాకు వాషరు అంచు మడవాలి. చేత్తో క్రాంకు రెండు చుట్లు తిప్పి, చుక్కలు మళ్లీ కలుస్తాయో లేదో చూసుకోవాలి. అన్నీ చేశాను. చుక్కలు కలిశాయి. మూత బిగించి, డెల్కో పెట్టి, వైర్లు తగిలించి సెల్ఫు కొట్టాను.

ఇంజను అందుకోలేదు. కార్బురేటరులో నుంచి ఫట్ ఫట్‌మని మంట వెనక్కి తన్నింది. మళ్లీ విప్పాను, మళ్లీ చుక్కలు చూశాను, సరిగానే వున్నాయి. రాత్రి పది దాకా అదే పని. శుక్రవారం దగ్గర పడుతున్నది. నాకు ఏడుపు వచ్చింది.

మామూ దుప్పటి కప్పుకునే వచ్చాడు. ఒక్క మాటా అనలేదు. మొదటి సిలిండరు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద నా వేలు పెట్టించి, ఇంజనును హ్యాండిల్‌తో మెల్లగా తిప్పాడు. ఒక చుట్టులో వేలికి ఏమీ తెలియలేదు. రెండవ చుట్టులో గాలి వేలిని బలంగా పైకి తన్నింది.

"చూశావా బేటా? పిస్టను రెండుసార్లు పైకొస్తుంది. ఒకసారి పొగ నెట్టడానికి, ఒకసారి గాలి నొక్కడానికి. పైకి వచ్చిందని చుక్క చెబుతుంది. ఎందుకు వచ్చిందో చెప్పదు. అది నువ్వు అడగాలి."

నేను డెల్కోను పొగ నెట్టే వేళకు పెట్టాను. అంటే రవ్వ సరిగ్గా ఒక చుట్టు తేడాతో పడుతున్నది. మామూ టాపెట్ల మూత తీయించి ఇంకొక గుర్తు చూపాడు. నాలుగో సిలిండరు రెండు వాల్వులూ ఒకటి మూసుకుంటూ, ఒకటి తెరుచుకుంటూ ఊగే సమయంలో మొదటి సిలిండరు గాలి నొక్కి పైన వుంటుంది. 1-3-4-2 వరుసలో పేలే ఇంజనుకు ఇదే లెక్క. టాపెట్లు పెట్టడానికి తొమ్మిది లెక్క కూడా ఆ రాత్రే చెప్పాడు. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటో దానిని సరిచేయాలి, ఆరోది తెరుచుకుంటే మూడోది. రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ తొమ్మిది. డెల్కో సరిచేయగానే ఇంజను తొలి చుట్టులోనే అందుకుంది. శుక్రవారం పెళ్లికి బండి వెళ్లింది.

మామూ చదివింది మూడో తరగతి. తొమ్మిది లెక్క ఆయనకు తన ఉస్తాదు చెప్పాడు. ఎందుకు తొమ్మిదే కావాలో ఆ ఉస్తాదు చెప్పలేదు. మామూ తనంతట తాను ఆలోచించి తెలుసుకున్నాడు. అటువంటి లెక్కలు ఆయన తలలో ఇంకా ఎన్ని వుండేవో! శబ్దం విని ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు. నేను ఉద్యోగంలో పడ్డాను. ఆయన కొడుకులు పని కోసం గల్ఫుకు వెళ్లారు. ఒక రోజు ఆయన పోయాడు. షెడ్డు మూతపడింది. ఒక్క కాగితమైనా లేదు. పుస్తకాలు చదివిన నేను ఆయన దగ్గర ఒక పలక పట్టుకుని కూర్చుని వుంటే అయిపోయేది. కూర్చోలేదు. ఆ తప్పు నాదే.

ఇప్పుడు చేయవలసినది

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. కొత్త కార్లలో వేళను కంప్యూటరు చూసుకుంటున్నది. బ్యాటరీతో నడిచే బండికి వాల్వులే లేవు, క్యాం షాఫ్టు లేదు, చుక్కలూ లేవు. కాబట్టి పాత విద్యతో ఏం పని అని మీరడగవచ్చు.

పని రెండు విధాలుగా వుంది. మొదటిది, ఆ ఉస్తాదులు కొందరు ఇంకా మన మధ్యనే వున్నారు. వారు చెబితే రాసుకునే చదువుకున్న పిల్లలు మన ఇళ్లల్లోనే వున్నారు. అల్ జజరీకి సుల్తాను చెప్పిన మాట మనం మన ఉస్తాదులకు చెప్పలేమా? మన సంఘం ఏటా కొంత సొమ్ము సభలకూ దండలకూ ఖర్చు చేస్తున్నది. అందులో కొద్దిపాటి భాగంతో, ఒక్కొక్క పేటలో ఇద్దరు ముగ్గురు పెద్ద మిస్త్రీల అనుభవాలను వారి మాటల్లోనే తెలుగులో రాయించి అచ్చు వేయవచ్చు. అద్దకం పనివారికీ, కుట్టుపనివారికీ, తాళాలు బాగుచేసేవారికీ ఇదే వర్తిస్తుంది.

రెండవది ఇంకా ముఖ్యం. షెడ్డుకు వెళ్లే కుర్రవాడికి "ఎందుకు" అని అడిగే హక్కు కావాలి. పదేళ్లకే చదువు మాన్పించి పానా చేతికిస్తే వాడు చుక్కలు కలపడం నేర్చుకుంటాడు, అంతవరకే. బండి మారితే వాడి విద్య ముగుస్తుంది. వేళ ఎందుకు తప్పకూడదో తెలిసినవాడు కంప్యూటరు బండి వచ్చినా భయపడడు. అందుచేత పిల్లలను పదో తరగతి దాకా బడిలో వుంచి, ఆ తరువాత ఐ.టి.ఐ.కి పంపి, అప్పుడే షెడ్డులో పెట్టాలని తల్లిదండ్రులకు నా మనవి. షెడ్డు యజమానులైన సోదరులకు కూడా ఒక మనవి. శాగిర్దు ప్రశ్న అడిగితే చెంప మీద కొట్టకండి, ప్లగ్గు విప్పి వేలు పెట్టించండి.

రోజుకు అయిదు పూటలా వేళ చూసుకుని నిలబడే జాతి మనది. డమాస్కసు ఉమయ్యద్ మసీదులో నమాజు వేళలు లెక్కగట్టే ఉద్యోగి ఇబ్నుష్షాతిర్ 14వ శతాబ్దంలో గొప్ప ఖగోళ పండితుడయ్యాడు. వేళ ఎందుకు అలా మారుతుందని అడిగేవాడికే అటువంటి విద్య అబ్బుతుంది. మన పిల్లలు కూడా అడిగేటట్లు చేద్దాం. మన పెద్దలకు తెలిసినదంతా వారితో పాటు మట్టిలోకి పోకుండా చూద్దాం.

అల్లాహ్ మనందరికీ ఆ బుద్ధినీ, ఆ అవకాశాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.